స్ప్రింగుల పెట్టె కట్టుకున్నాను: నా అనుభవం

సర్ఫ్ గిటార్ (1960ల నాటి కాలిఫోర్నియా సముద్రతీరపు గిటార్ బాణీ) వాయించాలంటే పాతకాలం ఆంప్ (యాంప్లిఫయర్) ఉంటే చాలనుకున్నాను. 1962 నాటి ఫెండర్ ఆంప్‌కి అచ్చు నకలుగా చేసిన, మీగడ రంగు రెక్సిన్ తొడిగిన హెడ్ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె) ఒకటి కొన్నాను. శబ్దం గట్టిగా, తేటగా ఉంది. కానీ తీగ మీద పిక్ పడగానే బావిలో చుక్క పడ్డట్టు మోగే ఆ ‘డ్రిప్’ మాత్రం రాలేదు. రెండు వారాలు నాబులు తిప్పీ తిప్పీ విసుగొచ్చాక తెలిసింది, నేను వెతుకుతున్నది అసలు ఆంప్‌లోనే లేదని. అది 1961లో ఫెండర్ విడిగా తెచ్చిన రివర్బ్ యూనిట్‌లో, అంటే శబ్దానికి ప్రతిధ్వనిలాంటి మోత కలిపే పెట్టెలో ఉంది. మోడల్ 6జీ15.

గిటార్‌కీ ఆంప్‌కీ మధ్యలో పెట్టుకునే పెట్టె అది. లోపల దాదాపు 17 అంగుళాల రేకు డబ్బా, అందులో స్ప్రింగులు. ఒక కొసన సిగ్నల్ వాటిని ఊపుతుంది, రెండో కొసన కాయిల్ ఆ ఊపును మళ్లీ సిగ్నల్‌గా మారుస్తుంది. తర్వాతి ఆంపుల్లో రివర్బ్ లోపలే వచ్చింది గానీ, అక్కడ స్ప్రింగుల్ని ఊపేది 12ఏటీ7 అనే చిన్న ట్యూబ్ (వాల్వు). ఇందులో ఆ పని 6కే6 అనే పవర్ ట్యూబ్‌ది. సర్ఫ్ గిటార్‌కి పేరుమోసిన డిక్ డేల్ రికార్డుల్లో వినిపించే ఆ తడి అంతా ఈ మోటు తోపుడులోనే ఉందని నా నమ్మకం.

అసలుది కొనే స్తోమత లేక కిట్ తెప్పించాను. నేనుండేది కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో. ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ ఫ్యాక్టరీ నడిపిన ఫుల్లర్టన్ ఇక్కడికి అరగంట దూరం. డిక్ డేల్ వాయించిన బల్బోవా డాన్స్ హాలు ఇంకా దగ్గరే, కానీ 1966లోనే కాలిపోయింది. ఇంత దగ్గరుండి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని మాత్రం ఇరవై ఏళ్లయింది.

మూడు శనివారాలు పట్టింది. ఎక్కువ టైమ్ తిన్నవి ట్యూబుల్ని వేడిచేసే హీటర్ వైర్లు. రెంటినీ తాడు పేనినట్టు బిగువుగా మెలిపెట్టి, ఛాసీ (అన్నీ బిగించే రేకు చట్రం) మూలకు నొక్కుకుంటూ పోవాలి. వదులైతే హమ్ (గుయ్యిమనే మోత) పట్టుకుంటుంది.

స్విచ్ వేసే రోజు తెనాలిలో ఉన్న బాబాయ్‌కి వీడియో కాల్ చేశాను. వాల్వు రేడియోలు బాగుచేసిన చెయ్యి ఆయనది. “ఒరేయ్, ముందు సిరీస్ బల్బు పెట్టావా?” అన్నారు. పెట్టలేదు. షార్ట్ ఉంటే పెట్టె కాలిపోకుండా కరెంటు దారిలో వరసగా కలిపే బల్బు అది. ఎల్ఈడీ పనికిరాదు, ఫిలమెంట్ బల్బే కావాలి. ఊరంతా తిరిగితే చివరికి 40 వాట్ల ఓవెన్ బల్బు దొరికింది. అది ఒక్కసారి భగ్గున వెలిగి మెల్లగా మసకబారింది. వెలుగు తగ్గకపోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టట. “బతికిపోయావు. ఆపేశాక కూడా కెపాసిటర్లు ముట్టుకోకు, ఓ చెయ్యి జేబులో పెట్టుకో” అన్నారు.

శబ్దం వచ్చింది, దానితోపాటు ఘోరమైన హమ్. ట్యూబులు మార్చాను, గ్రౌండ్ జాయింట్లన్నీ మళ్లీ కరిగించాను. ఉపయోగం లేదు. అర్ధరాత్రి దాటాక, స్ప్రింగుల శబ్దం ఎంత కలవాలో చూసే మిక్సర్ నాబ్ సున్నాకి తిప్పితే హమ్ మాయం! అంటే స్ప్రింగుల దారిలోనే వస్తోంది. డబ్బా నుంచి బయటికొచ్చే కేబుల్ పీకినా మాయమే. (లోపలికెళ్లేది మాత్రం ఆన్‌లో ఉండగా పీకకూడదు, లోడ్ లేక ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు.) తీరా చూస్తే డబ్బాని తిరగేసి బిగించాను. సిగ్నల్ అందుకునే కాయిల్ సరిగ్గా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే కూర్చుంది. నాలుగు స్క్రూలు విప్పి కొసలు మార్చేసరికి హమ్ దాదాపు పోయింది. కిట్ కాగితంలో ఈ సంగతి ఉందట, నేను చదవని పేజీలో.

ఇప్పుడు స్ప్రింగుల్ని ఎంత గట్టిగా ఊపాలో చూసే డ్వెల్ నాబ్ సగానికి పైగా తిప్పి, బ్రిడ్జి దగ్గర తీగల్ని అరచేత్తో నొక్కి గబగబా పిక్ చేస్తే టపటపమంటూ చుక్కలే చుక్కలు. కాకపోతే పైవాటాలో పిల్లాడు పరిగెత్తినా స్ప్రింగులు ధడేల్‌మంటాయి. అందుకే పెట్టెను ఆంప్ మీద కాకుండా విడిగా కుర్చీలో, అమ్మ కుట్టిన బొంత మడిచి దానిమీద పెట్టాను.

బాబాయ్‌కి వాయించి వినిపించాను. కాసేపు విని, “మా కొట్లో రేడియో ఇలా మోగితే వాపసు తెచ్చేవాళ్లురా” అన్నారు.