వియ్యాలవారి బల్ల దగ్గర లూథర్

అబిడ్స్ సెయింట్ జోసెఫ్ కతీడ్రల్‌కు వెళ్ళే కతోలిక ఇల్లూ, సికింద్రాబాద్‌లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడికి వెళ్ళే ప్రొటెస్టెంట్ ఇల్లూ వియ్యమందితే, క్రిస్మస్ బిర్యానీ అయ్యాక ఎవరో ఒకరు కదుపుతారు: "మీరు పాపక్షమాపణ డబ్బిచ్చి కొనేవాళ్ళట కదా వదినా?" చెడేది అక్కడే.

1517లో, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ 95 వాదాంశాలు తప్పుపట్టింది పరిహార పత్రాల వ్యాపారాన్ని. కతోలిక బోధలో ఆ పత్రం క్షమాపణ కాదు. క్షమించిన పాపానికి మిగిలిన శిక్షలో తగ్గింపు. రొక్కంతో ముడిపడ్డవాటిని 1567లో అయిదవ పయస్ పోపే రద్దు చేశారు.

"క్రియలతోనే రక్షణ అంటారు మీరు" అన్నదీ నిలవదు. కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతుడు కావచ్చన్నవాణ్ణి 1547లో కతోలికుల ట్రెంట్ మహాసభ మొదటి నియమంలోనే శపించింది.

కతోలికుల వైపు ఎత్తిపొడుపు: "లూథర్ బైబిల్లో మాట కలిపాడు." నిజమే. 1522 జర్మన్ అనువాదంలో రోమా 3:28లో మనిషి విశ్వాసం వల్ల నీతిమంతుడవుతాడన్నచోట 'మాత్రమే' చేర్చాడు. జర్మన్ నుడికారానికి అది కావాలన్నాడు. అయితే విశ్వాసం మాత్రమే చాలదనే యాకోబు 2:24నూ పక్కనే తెరవండి, వాక్యం చదివాకే వాదన.

ఈ నీతిమత్వం (మనిషి దేవుని ముందు నీతిమంతుడు కావడం) విషయంలో 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలికులు, లూథరన్లు ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు; 2006లో మెథడిస్టులూ కలిశారు. పోపు అధికారం, దివ్యబలిపూజ (కతోలికుల మాస్), బైబిల్లో 73 పుస్తకాలా 66ఆ అన్నవి ఇంకా తేలనివే. కతోలిక పెళ్ళిపూజలో సత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) మామూలుగా కతోలికులకే. ఆ సంగతి వరుసలో నిలబడ్డాక కాదు, ముందురోజే చెప్పాలి.