బ్రిడ్జ్‌టౌన్‌లో ఎనిమిది గంటలు

బుధవారం, రాత్రి పదిన్నర.

ఓడ కదిలి చాలాసేపయింది. మా గదిలో లైటు వేస్తే పిల్లలు లేస్తారని అమ్మావాళ్ళ గదిలో కూర్చుని రాస్తున్నా. అమ్మ మోకాళ్ళకి జండూబామ్ రాసుకుని పడుకుంది. అగ్గిపెట్టంత గది, మొత్తం అదే వాసన. నాన్న నా ఎదురుగా కూర్చుని, ఓడవాళ్ళు పెట్టిన చిన్న ప్యాడ్ మీద ఇవాళ్టి ఖర్చులు రాసుకుంటున్నాడు. బ్యాంకులో రిటైరై పద్నాలుగేళ్ళు దాటినా రోజు లెక్క ఆ రోజే ముగియాలి ఆయనకి.

ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో ఓడెక్కి ఇవాళ్టికి నాలుగో రోజు. అసలీ క్రూయిజ్ మా ఆయన ఆలోచన. వైజాగ్ నుంచి వచ్చిన ప్రతిసారీ అమ్మానాన్నలకి నయాగరా, వాషింగ్టన్, గుళ్ళు ఇవే చూపిస్తున్నామని, ఈసారి మార్పు ఉండాలని. "సముద్రం చూడ్డానికి ఇంత డబ్బు తగలెయ్యాలా? భీమిలి రోడ్డులో ఊరికే కనబడుతుంది కదా" అని నాన్న నెలరోజులు సణిగాడు. టికెట్లు ప్రింటు తీసి చేతిలో పెట్టాక మాత్రం, ఆగే ఊర్ల జాబితా మీద ఆయన వేలు ఒక్కచోట ఆగింది. బార్బడోస్.

"ఓడ ఆగేది దాని రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోనే కదూ?" అన్నాడు. అంతే, సణుగుడు ఆగిపోయింది.

పొద్దున్న ఎనిమిదింటికి రేవులో ఆగాం. సాయంత్రం నాలుగున్నరకి అందరూ ఓడలో ఉండాలి. దిగబోయే ముందు మైకులో ఒక ప్రకటన: ఈ దేశంలో మిలిటరీ డిజైను బట్టలు మామూలు జనం వేసుకోవడం చట్టరీత్యా నేరం. మావాడి ప్రాణసమానమైన టోపీ సరిగ్గా అదే డిజైను. దాన్ని గదిలో వదిలేయించడానికి పావుగంట యుద్ధం. ఆ తర్వాత మా ఆయన, పిల్లలు, అమ్మ కార్లైల్ బే బీచికి ట్యాక్సీలో వెళ్ళిపోయారు. అక్కడ తాబేళ్ళ మధ్య ఈత కొట్టొచ్చట. అమ్మ పని గొడుగు కింద కూర్చుని సంచులు కాయడం. నేనూ నాన్నా మాత్రం కెన్సింగ్టన్ ఓవల్ క్రికెట్ గ్రౌండుకి నడిచి బయల్దేరాం.

రేవు గేటు బయట ట్యాక్సీవాళ్ళు చుట్టుముట్టారు, అచ్చం మన రైల్వే స్టేషన్ల దగ్గర లాగే. "నడిచే వెళ్తాం, దగ్గరే" అంటే వాళ్ళకి ఆశ్చర్యం. నిజంగా దగ్గరే, పదిహేను ఇరవై నిమిషాలు. ఇక్కడ బళ్ళు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. అమెరికా అలవాటులో నేను తప్పు వైపు చూసి రోడ్డు దాటబోతే నాన్న రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. న్యూజెర్సీలో రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకునే మనిషి ఇక్కడ దర్జాగా ముందు నడుస్తున్నాడు.

ఆయనకి ఈ ఊరితో ఉన్న లెక్క పాతది. అందులో నాకూ కొంచెం భాగం ఉంది.

1997 మార్చి 31. అప్పుడు నాన్న అనకాపల్లి బ్రాంచిలో పనిచేసేవాడు. మార్చి 31 అంటే బ్యాంకులో ఇయర్ ఎండింగ్. ఆ రాత్రి ఎవరూ ఇంటికి రారు. లెడ్జర్లు, టీలు, పైసా తేడా వస్తే మళ్ళీ మొదటి నుంచీ కూడికలు. సరిగ్గా ఆ రోజే బ్రిడ్జ్‌టౌన్‌లో వెస్టిండీస్ మీద ఇండియా గెలవడానికి 120 పరుగులు చెయ్యాలి. టెస్టులో 120 అంటే మాటలా, చేతిలో ఉన్న మ్యాచ్ కింద లెక్క. ఇక్కడికీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా కాబట్టి అక్కడ పొద్దున ఆట మనకి రాత్రి. వికెట్ పడ్డప్పుడల్లా బ్యాంకుకి ఫోన్ చేసి చెప్పడం నా డ్యూటీ. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఉత్సాహంగానే మొదలుపెట్టా. ఇంకోటి, ఇంకోటి, ఇంకోటి... ఐదో ఫోన్‌కి నాన్న "చెప్పు" అనడం కూడా మానేశాడు. "లక్ష్మణ్ ఉన్నాడా?" అని మాత్రం అడిగేవాడు. మన హైదరాబాద్ కుర్రాడు, ఓపెనింగ్‌కి దిగాడు. ఆఖరికి జట్టంతా 81కి ఆలౌట్. రెండంకెలు చేసింది లక్ష్మణ్ ఒక్కడే, 19. వాళ్ళ బౌలర్లు బిషప్, ఆంబ్రోస్, రోజ్ ముగ్గురే పది వికెట్లూ పంచుకున్నారు. ఆఖరి వికెట్ ఫోన్ చేస్తే నాన్న కాకుండా క్యాషియర్ అంకుల్ ఎత్తారు. "మీ నాన్న కూడికల్లో ఉన్నాడమ్మా, నేను చెప్తాలే" అన్నారు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, నాన్న ఆ పక్కనే ఉన్నాడని.

ఆ గ్రౌండ్ ఇవాళ చూశాం. చూశాం అనడం కంటే, గేటులోంచి తొంగి చూశాం అనాలి. బయట వెస్టిండీస్ పాత క్రికెటర్ సోబర్స్ విగ్రహం ఉంది. దాని ముందు నాన్నకి ఫోటో తీశా. చొక్కా సర్దుకుని, పాస్‌పోర్టు ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. లోపలికి వెళ్ళే దారి ఎటో తెలీక వెతుకుతుంటే కాపలా ఉన్నాయన మమ్మల్ని చూసి "ఇండియా?" అని నవ్వాడు. యాభై ఐదేళ్ళుండొచ్చు. వీళ్ళ ఇంగ్లీషు సగం మింగేసినట్టుంటుంది, నాకు మూడు మాటల్లో ఒకటి అర్థమైతే గొప్ప. నాన్నకేమో అంతా తెలుస్తోంది! క్రికెట్ భాష కాబట్టేమో.

ఆయన అడక్కుండానే బౌండరీ వైపు చెయ్యి చూపించి, సూర్యకుమార్ క్యాచ్ పట్టింది అదిగో అక్కడ అన్నాడు. 2024 జూన్ 29, టీ20 వరల్డ్ కప్ ఫైనల్, సౌతాఫ్రికా మీద ఏడు పరుగులతో గెలిచాం. గెలిచినవాళ్ళు వెంటనే ఇంటికెళ్ళలేకపోయారు కూడా. బెరిల్ తుఫాను ముంచుకొచ్చి ఎయిర్‌పోర్టు మూసేస్తే ఇక్కడే చిక్కుకుపోయారు. "మీకు కప్పొచ్చింది, మాకు తుఫానొచ్చింది" అన్నాడాయన. చేపల పడవలు చాలా విరిగిపోయాయట. నాన్న వెంటనే హుద్‌హుద్ సంగతి ఎత్తుకున్నాడు. 2014 అక్టోబర్‌లో వైజాగ్‌లో ఆ గాలి, మా అపార్ట్‌మెంట్ కిటికీలు పగలడం, వారం రోజులు కరెంటు లేకపోవడం, అంతా చేతులతో అభినయించి మరీ చెప్పాడు. ఇద్దరూ తుఫాన్ల గురించి అలా మాట్లాడుకుంటుంటే నేను ఎండలో చెమటలు కక్కుతూ నిలబడ్డా.

మెల్లిగా ఆయనే గేటు కొంచెం తీసి ఐదు నిమిషాలు చూసుకోమన్నాడు. పచ్చగా ఖాళీ గ్రౌండ్. నీళ్ళు చిమ్ముతున్న గొట్టం తప్ప చప్పుడు లేదు. 2007 వరల్డ్ కప్‌కి దాదాపు అంతా కొత్తగా కట్టారు కాబట్టి నాన్న ఊహించుకున్న పాత స్టాండ్లు లేవు. ఆయన ఒక్కో స్టాండు పేరు అడిగి తెలుసుకున్నాడు. ఇంగ్లీషులో డబ్ల్యూతో పేర్లు మొదలయ్యే ముగ్గురు పాత ఆటగాళ్ళ పేరుతో ఒకటి: వారెల్, వీక్స్, వాల్కాట్. గ్రీనిడ్జ్, హేన్స్‌లకి ఒకటి. తర్వాత హాల్, గ్రిఫిత్ స్టాండ్.

"గ్రిఫిత్" అని ఆగిపోయాడు నాన్న.

ఈ కథ నేను చిన్నప్పటి నుంచి విన్నదే, తాతయ్య పేపర్ చదివి వినిపిస్తే నాన్న తన పదకొండో ఏట విన్న కథ. 1962 మార్చిలో ఇదే గ్రౌండులో బార్బడోస్ జట్టుతో ఆడుతుంటే చార్లీ గ్రిఫిత్ బంతి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకి తగిలింది. హెల్మెట్లు లేని రోజులు. పుర్రె చిట్లింది, ఆపరేషన్ చేశారు, రక్తం కావాల్సొచ్చింది. మన ఆటగాళ్ళతో పాటు రక్తం ఇచ్చినవాళ్ళలో వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ కూడా ఉన్నాడు. కాంట్రాక్టర్ బతికాడు కానీ మళ్ళీ టెస్టు ఆడలేదు. వారం తిరక్కుండా ఇరవై ఒక్కేళ్ళ పటౌడీ కెప్టెనయ్యాడు. ఆ టూరులో మన హైదరాబాద్ ఆటగాడు జయసింహ కూడా ఉన్నాడని నాన్న ప్రతిసారీ ఒక మాట కలుపుతాడు, ఇవాళా కలిపాడు. బెంగాల్‌లో ఇప్పటికీ ఫిబ్రవరి 3న వారెల్ పేరు మీద రక్తదాన శిబిరాలు పెడతారు.

ఇదంతా నాన్న కాపలాదారుకి చెప్పాడు. ఆయన పూర్తిగా విని, వారెల్ రక్తమిచ్చిన సంగతి తెలీదన్నాడు. "కానీ రోజూ చూస్తుంటాం. మా ఐదు డాలర్ల నోటు మీద ఉండేది ఆయనేగా" అన్నాడు. జేబులు తడుముకున్నాడు, నోటు లేదు. సమాధి యూనివర్సిటీ ఆవరణలో ఉంది, కేవ్ హిల్‌లో, ఎంతో దూరం కాదు, వెళ్ళండి అని కూడా చెప్పాడు.

నాన్న నా వైపు చూశాడు. నేను వాచీ చూసుకున్నా. అమ్మ ఎదురుచూస్తుంటుంది, నాలుగున్నరకి ఓడ అన్నా. ఇప్పుడు లెక్కేసుకుంటే టైముంది. వెళ్ళి రావచ్చు. ఓడ వదిలేసి పోతుందన్న టెన్షన్ పొద్దున్నించీ నన్ను అలా పట్టుకుని ఉంది. ఆయన ఇంకో మాట అనలేదు. రాయడానికి కూర్చుంటే ఇదొక్కటే ముల్లులా గుచ్చుతోంది.

ఊళ్ళోకి నడిచాం. పార్లమెంటు, పడవల కాలువ, దాని మీద వంతెన, అన్నీ చూశామనిపించాం. ఒకప్పుడు నెల్సన్ విగ్రహం ఉన్న చౌక్ ఇదే. 2020లో దాన్ని తీసేశారు, మరుసటేడు బ్రిటన్ రాణిని కూడా పక్కన పెట్టి రిపబ్లిక్ అయ్యారు. నాన్న మనసు అక్కడ లేదు. దుకాణం కనిపిస్తే చాలు, ఐదు డాలర్ల నోటుందేమో కనుక్కోమంటాడు.

ఆకలేసి ఒక చిన్న కొట్టు దగ్గర ఫిష్ కట్టర్ తిన్నాం. గుండ్రటి రొట్టె మధ్యలో వేయించిన చేప, అంతే. పక్కన పసుప్పచ్చ రంగు పెప్పర్ సాస్. నాన్న కొంచెం నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఆవపిండి!" అన్నాడు. నిజమే, కారం దంచికొడుతోంది కానీ వెనకాల ఆవ ఘాటు స్పష్టంగా ఉంది. ఓడలో నాలుగు రోజులుగా ఉడకబెట్టిన కూరలు తిని చచ్చిపోయిన నాలికలు లేచి కూర్చున్నాయి. నాన్న రెండో కట్టర్ కూడా సాస్ కోసమే తిన్నాడని నా అనుమానం. నా కార్డుతో కట్టేశా. చిల్లర రాలేదని ఆయనకి కోపం.

బీచికి జెడ్ఆర్ ఎక్కాం. జెడ్ఆర్ అంటే ఇక్కడి షేర్ ఆటో లాంటిది, మెరూన్ చార ఉన్న తెల్ల వ్యాను. నంబరు ప్లేటు ఆ అక్షరాలతో మొదలవుతుంది కాబట్టి పేరే అదైపోయింది. గాజువాక ఆటోలో నలుగురి చోట ఎనిమిదిమంది కూర్చున్న అనుభవం ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. గుండెలదిరే పాటలు, మలుపుల్లో కూడా తగ్గని స్పీడు. టికెట్టు మనిషికి మూడున్నర బార్బడోస్ డాలర్లు, ఎక్కడ దిగినా అంతే. ఒక అమెరికా డాలరుకి ఇక్కడివి రెండు, 1975 నుంచీ అదే లెక్క. నాన్న తన డబ్బుల్లోంచి పది అమెరికా డాలర్ల నోటు తీసిచ్చాడు. ఇరవైలో ఏడు పోగా పదమూడు రావాలి. కండక్టర్ కుర్రాడు రెండు డాలర్ల నోట్లు ఆరు, ఒక బిళ్ళ చేతిలో పెట్టాడు.

"నో, నో. వన్ ఫైవ్" అన్నాడు నాన్న.

ఆ కుర్రాడికి అర్థం కాలేదు. చిల్లర తక్కువైందనుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. వెనక సీటులో పెద్దావిడకి నేను సంగతి చెబితే ఆవిడ ఫక్కున నవ్వి, కుర్రాణ్ణి ఏదో కసిరింది. వాడు కట్టలోంచి ఒక ఐదు తీసి, రెండు నోట్లూ బిళ్ళా వెనక్కి తీసుకున్నాడు. ప్లాస్టిక్ నోటు. నాన్న వెలుగుకి పట్టి చూశాడు, గోటితో అంచు గీశాడు, మూల నలిపి చూశాడు. నలభై ఏళ్ళ క్యాష్ కౌంటర్ అలవాటు. తర్వాతే ముఖం వైపు చూశాడు. కార్లైల్ బే వచ్చినా దిగడం మర్చిపోయేవాడే, నేను అరిచి ఆపించాను.

బీచ్ సంగతేం రాయను, నీలంగా ఉంది. అమ్మ గొడుగు అద్దె గురించి సాయంత్రం దాకా చెప్పింది. పిల్లలు తాబేళ్ళని చూశారు, ఉప్పునీళ్ళు తాగారు. తాతగారు మనవళ్ళిద్దరికీ చెరో నాలుగు డాలర్లు పెట్టి రంగు ఐసు కొనిచ్చారు, రెండు డాలర్ల నోట్లు నాలుగూ అలా అయిపోయాయి. మూడింటికల్లా ఓడలో ఉన్నాం. గంటన్నర ముందే!

ఇప్పుడు నాన్న ప్యాడ్ నా వైపు తిప్పి చెక్ చెయ్యమన్నాడు. పొద్దున్న చేతిలో ఉన్నది 40 అమెరికా డాలర్లు. జెడ్ఆర్ 3.50. ఐసు 4. ఉండాల్సింది 32.50. చేతిలో 30. కింద ఇంకో గీత గీసి, దాని కింద "సస్పెన్స్ అకౌంట్: 2.50" అని రాశాడు.

"తేడా ఎక్కడుంది నాన్నా? ఆ ఐదు డాలర్ల నోటు రెండున్నరే కదా, క్యాష్‌లో కలిపేస్తే టాలీ అయిపోతుందిగా?"

"ఎప్పటికీ ఖర్చుపెట్టని డబ్బు క్యాష్‌లో ఎలా చూపిస్తామే? ఖర్చులో రాయడానికీ లేదు. ఏ పద్దులో వెయ్యాలో తేలేదాకా సస్పెన్స్‌లోనే ఉంచాలి."

"ఆ లైటు తీసెయ్యండి బాబూ" అంటోంది అమ్మ.