కొండెక్కిన బీటిల్

మొదటి వంద కిలోమీటర్లూ బావ నోరెత్తలేదు. ఎత్తినా నాకు వినపడేది కాదనుకోండి. మేం వెళ్తున్నది నా పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లో. బీటిల్‌లో ఇంజిన్ వెనకుంటుంది. నీళ్లతో కాదు, గాలితో చల్లబడుతుంది. ఆ గాలిని తోసే ఫ్యాను రొద, ఇంజిన్ రొద కలిసి, పాతిక కుట్టుమిషన్లు మన వెనకే పరిగెత్తుకొస్తున్నట్టుంటుంది. నది మీది వంతెన దాటాక నెమ్మదించాను. అప్పుడు అన్నాడు.

"ఒరేయ్, పెట్రోలు వాసన రావడం లేదూ?"

"పాత కారు బావా. అలాగే ఉంటుంది."

ఈ మాట ఆ రెండు రోజుల్లో మూడుసార్లు అన్నాను. లెక్క తర్వాత వేసుకున్నాను.

మేం పెట్టుకున్నది పెద్ద యాత్రేం కాదు. మైదానం దాటి, ఘాట్ రోడ్డెక్కి, కనుమ పైన ఒక రాత్రి ఉండి, మర్నాడు దిగి వచ్చేయడం. రానూపోనూ ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు. కారు నా దగ్గరికొచ్చి ఆరేళ్లయినా కొండ ఎక్కించింది లేదు. ఇంజిన్ 1285 సీసీ, 40 గుర్రాలు. 1966 నాటి గుర్రాలు, అందులో ఎన్ని మిగిలాయో ఎవరు చూడొచ్చారు! "ఇది కొండెక్కుతుందా?" అని బావ ఏడాదిగా ఎకసెక్కం చేస్తున్నాడు. మన భాషలో దీపం కొండెక్కిందంటే అర్థం వేరు కాబట్టి, ఆ ఎకసెక్కంలో రెండో పోటు కూడా ఉంది. ఎక్కించి చూపిద్దామని బయల్దేరదీశాను.

అది నా మొదటి కారు. అంతకుముందు నాకు కారుండేది కాదు, కొనే ఆలోచనా లేదు. వేరే పని మీద ఒకాయన ఇంటికి వెళ్తే, పెరట్లో రేకుల షెడ్డు కింద టార్పాలిన్ కప్పుకుని ఏదో గుండ్రంగా కనపడింది. ధాన్యం గాదె అనుకున్నాను. టార్పాలిన్ ఎత్తితే ముందు ఒక దీపం కనపడింది, వాలుగా పడుకున్న గాజు, దాని చుట్టూ క్రోమ్ వలయం. పదకొండేళ్లుగా కదల్లేదట. తలుపు తీశాను. లోపలి నుంచి కొట్టిన వాసన ఇప్పటికీ గుర్తుంది: సీట్ల లోపలి పీచు, పాత రబ్బరు, పెట్రోలు. కూర్చుని తలుపు లాగితే పడలేదు. మళ్లీ లాగాను. మళ్లీ పడలేదు. ఆ పెద్దాయన నవ్వి, "కిటికీ కొంచెం దించి వెయ్యి బాబూ. లోపలి గాలి పోవడానికి దారుండాలి" అన్నాడు. అద్దం రెండు వేళ్లు దించి వేశాను. 'టప్'మని పడింది. బేరం అక్కడే అయిపోయింది, ఆయన ధర చెప్పకముందే.

తొలి ఏడాది దాన్ని నడిపినదానికంటే దాని కింద పడుకున్నదే ఎక్కువ. బీటిల్‌లో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. దాని కింది రేకు ఎలా ఉందో చూద్దామని బ్యాటరీ తీస్తే, రేకు బదులు నేల కనపడింది. చీమలు పోతున్నాయి. పక్కల కింద తలుపుల పొడవునా బోలు గొట్టాల్లాంటివి ఉంటాయి. సైలెన్సర్ వేడి తగిలిన గాలిని చలికాలంలో లోపలికి తెచ్చేవి అవే. పైకి రంగు మెరుస్తుంటుంది గానీ, తుప్పు అక్కడ కాపురముంటుంది. టింకరింగ్ పనికే ఎనిమిది నెలలు పట్టింది. ఇంజిన్ పని మాత్రం నేనే నేర్చుకున్నాను. ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగా వాల్వుల సందు సరిచూడటం. ఆయిల్ ఫిల్టర్ లేని ఇంజిన్ అది, జల్లెడ ఒక్కటే, కాబట్టి రెండున్నర లీటర్ల ఆయిల్‌నీ త్వరత్వరగా మార్చేస్తుండటం. మూడో సిలిండర్ మీద ఓ కన్నేసి ఉంచడం. ఆయిల్‌ని చల్లార్చే కూలర్ సరిగ్గా దానికి గాలి వచ్చే దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది. అందుకని మిగతా మూడింటికంటే దానికి వేడి ఎక్కువ. ఇంట్లో అందరికంటే బాగా అలిగేవాణ్ణి కనిపెట్టుకుని ఉన్నట్టే ఇదీను.

ఇదంతా చెవితో నేర్చుకున్న విద్య. వాల్వు వదులైతే ఒక శబ్దం, సైలెన్సర్ గ్యాస్కెట్ పోతే ఇంకొకటి, బేరింగ్ ఏడిస్తే మరొకటి. నిద్రలో లేపి వినిపించినా చెప్పేవాణ్ణి. చెవుల మీద నాకు అంత గర్వం.

కొండ మొదట్లో ఆగినప్పుడు నలుగురు మూగారు. బీటిల్ ఎక్కడాగినా ఇది తప్పదు. ఒక కుర్రాడు "ఇది ఇప్పుడు వస్తోందా?" అని అడిగాడు. బావ, కారు గురించి ఏమీ తెలియనివాడు, నా దగ్గర విన్నదంతా అప్పజెప్పాడు. ఫెర్డినాండ్ పోర్షే గీసిన బండి అని, రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న, జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ కార్ఖానాలో 1945లో ఐవన్ హర్స్ట్ అనే బ్రిటిష్ మేజర్ మళ్లీ పని మొదలెట్టించాడని, 1972లో తయారైన కార్ల లెక్కలో ఫోర్డ్ వాళ్ల మోడల్ టీ కారును దాటేసిందని. చివరిది మెక్సికోలోని ప్యూబ్లాలో 2003 జులై 30న బయటికొచ్చిందని నేను అందించాను. మొత్తం తయారైనవి 2,15,29,464. "అందులో మీది ఎన్నోది?" అన్నాడు కుర్రాడు. ఆరేళ్లలో నన్నెవరూ అడగని మంచి ప్రశ్న. జవాబు లేక ఇంజిన్ స్టార్ట్ చేశాను.

ఘాట్ రోడ్డు సగం ఎక్కాం. రెండో గేరు, యాక్సిలరేటర్ నేలకంటా, పక్కనుంచి లారీలు దాటిపోతున్నాయి. ఉన్నట్టుండి వెనక 'ఫట్'మంది, స్పీడోమీటర్‌లో ఎర్ర దీపం వెలిగింది. కొన్ని కార్లలో ఆ దీపం వెలిగితే ఇంటిదాకా వెళ్లి చూసుకోవచ్చు. దీన్లో డైనమోనూ ఫ్యానునూ తిప్పేది ఒకటే బెల్టు. అది తెగితే గాలి ఆగుతుంది, గాలి ఆగితే ఇంజిన్ ఉడుకుతుంది. అక్కడికక్కడే ఆపాను. బావ దిగి ముందు చక్రానికి రాయి పెట్టాడు. కారు ఎత్తుకి నిలబడి ఉందిగా, రాయి వెనక పెట్టాలి బావా అంటే మార్చాడు.

కొత్త బెల్టు ముందు డిక్కీలో ఉంది. స్పానర్ల సంచిలో చెయ్యి పెడితే ముందు కాగితంలో చుట్టిన మీటరు పొడవు గొట్టం వచ్చింది.

"ఇదేంటి?"

"పెట్రోలు గొట్టం. మార్చాలి, కుదర్లేదు."

దాన్ని మళ్లీ సంచిలోకి తోసి బెల్టు తీశాను. పుల్లీ అంచులోని గాడిలో స్క్రూడ్రైవర్ ఆనించి అది తిరగకుండా పట్టుకోవాలి, 21 నంబరు స్పానర్‌తో నట్టు విప్పాలి. పుల్లీ రెండు చిప్పలుగా విడిపోతుంది. రెంటి మధ్యా పల్చటి వాషర్లుంటాయి, షిమ్ములంటారు. వాటిని మధ్యలోంచి తీస్తే చిప్పలు దగ్గరికొచ్చి బెల్టు బిగుసుకుంటుంది, చేరిస్తే వదులవుతుంది. తీసినవి పారెయ్యకూడదు, నట్టు కిందే బయటివైపు పెట్టుకోవాలి, రేపు బెల్టు మారితే మళ్లీ కావాలి. కారు తనకు కావాల్సింది తన ఒంటి మీదే దాచుకుంటుందన్నమాట. వేడికి వేళ్లు రెండుచోట్ల కాలాయి. బొటనవేలితో నొక్కి చూశాను, ఒకటిన్నర సెంటీమీటరు దిగింది. చాలు. ఇరవై నిమిషాల పని. అయ్యాక బావ నన్ను చూసిన చూపులో ఎకసెక్కం లేదు. నేనే కాస్త ఎక్కువసేపు చేతులు తుడుచుకున్నాను.

పొద్దుగుంకేవేళకి పైకెక్కాం. పైన పెద్దగా ఏమీ లేదు. గాలి, గడ్డి, కింద మేం వచ్చిన రోడ్డు దారంలా. కారు నీడ పొడుగ్గా పడి పేరుకు తగ్గట్టు నిజంగానే పురుగులా ఉంది. బస ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందని చీకట్లో బయల్దేరితే ఆరు వోల్టుల దీపాల అసలు రంగు తెలిసింది. ఇప్పటి కార్లలో దాదాపు అన్నిటికీ పన్నెండు. ఆరంటే, ముందు ఎవరో రెండు లాంతర్లు పట్టుకుని నడుస్తున్నట్టు. "దీపాలు కొండెక్కేలా ఉన్నాయిరా" అని బావ నవ్వీ నవ్వీ దగ్గాడు. దగ్గి, "వాసన ఎక్కువైంది" అన్నాడు. "ఎత్తుకి ఎక్కాం కదా బావా. పాత కారు" అన్నాను. ఎత్తుకీ వాసనకీ సంబంధం ఏమిటో నన్నడక్కండి.

మర్నాడు దిగుడు. ఎక్కడం కంటే ఇదే కష్టం. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. ఎక్కిన గేరులోనే దిగాలి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేశామో, వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని తోక పక్కకి పోవాలని చూస్తుంది. పది మలుపులయ్యాక చేతులకి లయ పట్టుబడింది. బావ కూడా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆ గంటా నేను ఆ కారుతో గడిపిన అన్నిట్లోకీ బాగున్న గంట.

మధ్యలో ఒకసారి ఆగాం. బావ మూడోసారి అన్నాడు, వాసన అని. వెనక మూత తీసి చూశాను. ఆయిల్ చూశాను, బెల్టు చూశాను. ఇంజిన్ నడుస్తుండగా చెవి పెట్టి విన్నాను. ఒక్క అపస్వరం లేదు. పెట్రోలు పంపు నుంచి కార్బురేటర్‌కి పోయే గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని చూడలేదు. పట్టుకునుంటే తడి తగిలేది. దాని పైన నూలు అల్లిక ఉంటుంది, లోపలి రబ్బరు బీటలువారినా పైకి చక్కగా కనపడుతుంది. చప్పుడు చెయ్యదు. ఆరేళ్లుగా ముక్కుకి అలవాటైపోయిన వాసన నాకు వాసనే కాదు. నోట్లోంచి మాత్రం అదే మాట వచ్చింది.

అక్కణ్ణించి ఏడో ఎనిమిదో మలుపు. ఇంజిన్ రెండుసార్లు పొలమారింది. అద్దంలో వెనక రోడ్డు నీళ్లలో చూసినట్టు కదిలింది. పక్కనుంచి పోతున్న మోటార్‌సైకిల్ అతను చెయ్యూపుతూ వెనక్కి చూపించాడు. ఆపి దిగేసరికి మూత సందుల్లోంచి మంట. మూత తెరిచాను. తెరవకూడదు, గాలి తగిలి మంట నా ఎత్తు లేచింది. మంటలార్పే కిలో పొడి డబ్బా ఒకటుంది, అది పన్నెండు సెకన్లో పదిహేను సెకన్లో వచ్చి ఆగిపోయింది. మంట తగ్గినట్టే తగ్గి మళ్లీ అందుకుంది. ఎవరో బకెట్లతో నీళ్లు తెచ్చి పోశారు. బీటిల్ ఇంజిన్ పెట్టె మెగ్నీషియం కలిపిన లోహం. నీళ్లు పడగానే తెల్లటి వెలుగు లేచింది, వెల్డింగ్ వెలుగులాంటిది, పట్టపగలు చెట్ల నీడలు రోడ్డు మీద పడ్డాయి. బావ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. వింటున్నాను. రబ్బరు పగలడం, గాజు, తర్వాత టైరు. ఏది ఏ శబ్దమో అన్నీ తెలుస్తున్నాయి.

ఫైరింజన్ వచ్చేసరికి వెనక సీటు దాకా బూడిద. ముందు భాగం మిగిలింది. దిగుడులో ముక్కు కిందికి ఉండటంతో, ముందున్న ట్యాంకు ఇంజిన్ కంటే కిందికి వచ్చి పెట్రోలు వెనక్కి కారలేదేమో. ఆ వాలు దీపాలు రెండూ చెక్కుచెదరకుండా, ఆ రోజు టార్పాలిన్ కింద చూసినట్టే చూస్తున్నాయి.

సామాను తీసుకోమన్నారు. డిక్కీ గొళ్లెం వేడెక్కి బిగుసుకుంటే చొక్కా అంచుతో పట్టుకుని లాగాను. మా బ్యాగులు రెండూ అలాగే ఉన్నాయి. స్పానర్ల సంచి బావకి అందించబోతే దాంట్లోంచి కాగితం చుట్ట జారి రోడ్డు మీద పడింది. కాగితం మీద మసి కూడా లేదు.

బావ వంగి దాన్ని తీశాడు. అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా సంచిలో పెట్టి ముడి వేశాడు.