ఎర్రగుంట్ల దుమ్ము, జమ్మలమడుగు వాన

ఎర్రగుంట్ల చేరేదాకా చెప్పుకోవడానికేమీ లేదు. అక్కడ ఎక్కిన జమ్మలమడుగు బస్సులోనే ఉంది అసలు సంగతి. నా సీటు పక్క కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయింది. ముందు సిమెంటు లారీ, వెనక బండల లారీ. కాసేపటికే చొక్కా, కనుబొమలు తెల్లబడ్డాయి. గండికోట చూడాలన్న ఉత్సాహమంతా చిరాకైపోయింది.

పక్కనున్న పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "యాడికి పోతాండావు నాయనా?" అంది. చెప్పాను. "వాన వచ్చేట్టుండాది, చూసుకో."

వచ్చింది. తొలి చినుకులు అద్దం మీద బూడిదరంగు చారలుగా జారాయి. చెయ్యి బయటపెట్టి కొన్ని చినుకులు పట్టాను. ఆరాక అరచేతిలో తెల్లటి పొడి అంచులు మిగిలాయి. "తొలి వాన నీళ్లు మేం పట్టుకోం నాయనా, కుండ అడుగున సుద్ద పేరుకుంటాది" అందావిడ. ఆ మాటతో నా చిరాకు కాస్త పక్కకు పోయింది.

మాది విశాఖ, ఫ్యాక్టరీల పక్కన ఇల్లు. వాన పడితే నాకు ముందు పొగే గుర్తొస్తుంది. ఏ కాలుష్యమూ లేకపోయినా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి వాన నీటి పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.6 దగ్గర ఉంటుంది. పొగలోని సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆమ్లాలుగా మారి కలిస్తే ఇంకా పడిపోతుంది. స్వీడన్, నార్వే చెరువుల్లో చేపలు చచ్చిపోయింది అలాంటి వానలకే. మన దేశంలో చాలాచోట్ల మాత్రం వాన పీహెచ్ 6 దాటుతుంది. గాలిలోని అమోనియాతో పాటు సున్నం ఎక్కువున్న మట్టి ధూళి దానికి పెద్ద కారణం.

జమ్మలమడుగులో టిఫిన్‌కి కూర్చున్న హోటల్లో టేబుళ్లన్నీ కడప బండలే. నల్లగా నున్నగా ఉన్న బండ మీద నిమ్మరసం పడ్డచోటల్లా మెరుపు పోయి మచ్చలు. వంటింటి గట్టుకు ఈ బండ వేయించుకున్న ఎవరికైనా తెలిసిన మచ్చలే. మేఘంలోనూ, రాలే చినుకులోనూ జరిగేది ఇదే. కడప బండ అంటే నాపరాయే, అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. దాని రేణువుకు సల్ఫ్యూరిక్ ఆమ్లం తగిలితే రాయీ కరుగుతుంది, ఆమ్లమూ విరుగుతుంది. మిగిలేవి కాల్షియం సల్ఫేటు, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్. అంటే పీహెచ్ బాగుందని వాన శుభ్రంగా ఉన్నట్టు కాదు. పొగ తెచ్చిన సల్ఫేటు ఆ నీళ్లలోనే ఉంటుంది. గాలిలోని దుమ్మును తొలి జల్లే ఎక్కువగా కడిగేస్తుంది కాబట్టి, తర్వాత పడే నీళ్ల లెక్క వేరేగా ఉంటుంది. పెద్దావిడ కుండ ఎందుకు ఆలస్యంగా పెడుతుందో నాకు అక్కడ పూర్తిగా అర్థమైంది.

గండికోటకు ఆటో అతను ఆరొందలు అడిగాడు, ఎంత బేరమాడినా దిగలేదు. ఎక్కాను. దారిలో ఎదురైన లారీల్లో పట్టా కప్పనివే ఎక్కువ. రోడ్డు ఆరితే మళ్లీ అదే దుమ్ము లేస్తుంది. అది వానలో ఆమ్లాన్ని విరుస్తుంది, నిజమే. అందుకని ఆ రోడ్డు మీద బతికేవాళ్లు దాన్ని రోజంతా పీల్చాలా? లోడు మీద పట్టా కప్పించడం అంత పెద్ద ఖర్చేమీ కాదు.