పూనాలో ఇంటి పని అంట

శుక్రవారం. మధ్యాహ్నం ఎనిమిదో క్లాసు పిల్ల ఒకటి స్టాఫ్ రూముకొచ్చి, మేడం మా అక్కకి పూనాలో ఇంటి పని దొరికింది, నెలకి పద్దెనిమిది వేలంట, సోమవారం పోతాంది అని సంబరంగా చెప్పింది. నాకు గుండె గుబేల్మంది. మా కదిరి చుట్టుపక్కల పల్లెల నుంచి పూనా బుధవార్ పేటకి, ఢిల్లీ జీబీ రోడ్డుకి, ముంబై దగ్గర భివండీకి, అంటే ఆడోళ్లతో వ్యభిచారం చేయించే వీధులకి, పని ఆశ చూపితే ఎంతమంది పోయారో పోలీసు రికార్డుల కన్నా ఊళ్లో ముసలోళ్లకే బాగా తెలుసు.

వానల్లేక సెనక్కాయ పంట పోయి, బోరుకి తెచ్చిన అప్పు అట్లే ఉండి, మొగుడు వదిలేసి పోతే చాలు, బ్రోకర్‌కి ఇంక పెద్దగా కష్టపడే పని లేదు. ఆ బ్రోకర్ కూడా సినిమా విలన్ మాదిరి ఏం ఉండదు, చాలాసార్లు ఒకప్పుడు తనూ అట్లా పోయిన ఆడమనిషే, అత్తో పిన్నమ్మో వరసవుతుంది, తిరునాళ్లకి మెడనిండా బంగారంతో వచ్చి పిల్లోళ్లకి చాక్లెట్లు పంచుతుంది, టికెట్ నేనే తీస్తా, ముందుగా అడ్వాన్స్ చేతిలో పెడతా అంటుంది. అక్కడికి పోయినాక ఆ అడ్వాన్సే తీరని అప్పు.

సాయంత్రం వాళ్లింటికి పోయినా. ఇంటి ఓనర్ పేరేంది, ఫోన్ నంబర్ ఉందా అని అడిగితే "అన్నీ మా వదినే చూసుకుంటాది మేడం" అనింది వాళ్లమ్మ. నా ముందర ఒకసారి ఫోన్ చేయించమ్మా అన్నా. అంతే, కోపమొచ్చేసింది. "మా ఇంటి మనిషి మీదనే అనుమానమా, ఈడ ఉంటే మీరేమన్నా పెడతారా తిండి?" నిజమే, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పోయే పిల్లకి పంతొమ్మిదేళ్లు కాబట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098 కాదు, ఆడోళ్ల హెల్ప్‌లైన్ 181, పోలీసు అత్యవసర నంబర్ 112 కాగితం మీద రాసి దాని చేతికే ఇచ్చినా.

చట్టం లేదా అంటే ఉంది. మనిషిని కొన్నోళ్లకైనా, అమ్మినోళ్లకైనా బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 143 కింద ఏడేళ్ల నుంచి పదేళ్లు, మైనర్ అయితే యావజ్జీవం దాకా. కానీ వ్యభిచార వ్యాపారాన్ని ఆపేదానికి తెచ్చిన 1956 చట్టంలో సెక్షన్ 8 అని ఇంకోటి ఉంది, విటుల్ని పిలిచిందని ఆడమనిషి మీదనే పెట్టే కేసు, అమ్ముడుపోయిన పిల్లే ముద్దాయి అయిపోతుంది. పంపినామె మీద సాక్ష్యం చెప్పాల్సింది కూడా ఆ పిల్లే, రోజూ అదే వీధిలో మొహం చూసుకుంటా, కేసేమో పూనాలో, వాయిదాకి పోను చార్జీలు ఎవరిస్తారు.

ఇంక ఊరోళ్లు. తిరిగొచ్చిన పిల్లని పెళ్లి పందిట్లో పక్కన కూర్చోనీరు, పంపినామెని మాత్రం గృహప్రవేశానికి పిలిచి చీర పెడతారు. నాకు అన్నిటికన్నా ఒళ్లు మండేది ఇదే.

రేపు సచివాలయంలో మహిళా పోలీసుని వెంటబెట్టుకుని మళ్లీ పోవాలి, వాళ్లమ్మ తిట్టినా సరే.