జారు మీద నాకున్న పక్షపాతం

పాశ్చాత్య వయొలిన్ అనగానే మృదంగం వాయించే మా తమ్ముడు మొహం చిట్లిస్తాడు. "అన్నీ మెట్లెక్కినట్టే ఉంటాయక్కా, ఒక్క జారు ఉండదు" అంటాడు. జారు అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి తెగకుండా, వేలిని తీగ మీదే జరుపుతూ వెళ్ళడం. ఇప్పటివాళ్ళని విని వాడు అంటున్న మాట అది. నూరేళ్ళ కిందటి రికార్డులు వింటే ఆ మాట అనలేడు.

వాడికి మొదట వినిపించింది 1914 నాటిది. ఐరిష్ గాయకుడు జాన్ మెకార్మక్ పాట, పక్కన ఫ్రిట్జ్ క్రైస్లర్ వయొలిన్. బ్రాగా స్వరపరిచిన 'ఏంజెల్స్ సెరెనేడ్'. అందులో ఓ అమ్మాయికి దేవతల గానం వినిపిస్తుంది, తల్లికి వినిపించదు. ఆ గానం పాత్ర వయొలిన్‌ది. పై స్వరానికి వెళ్ళేటప్పుడు క్రైస్లర్ ఎగిరి దూకడు. కమాను ఒత్తిడి తగ్గించి, వేలిని తీగ మీదే నడిపించి, చివర్లో మాత్రం పైకి లాగుతాడు. గాయకుడి గొంతు కూడా అలాగే సాగుతుంది. ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో చెప్పడం కష్టం. మన కచేరీల్లో వయొలిన్ గాత్రం వెంట నడవడం అలవాటైన చెవికి ఇందులో పరాయితనమేమీ తోచదు.

క్రైస్లర్ దాదాపు ప్రతి స్వరాన్నీ సన్నగా కంపింపజేస్తాడు. అతనికి ముందుతరం అలా కాదు. స్వరకర్త బ్రామ్స్ తన వయొలిన్ కన్చెర్టోని (వాద్యబృందంతో కలిసి ఒక్క వయొలిన్ ముఖ్యంగా వాయించే పెద్ద రచన) అంకితమిచ్చిన వయొలిన్ విద్వాంసుడు యోసెఫ్ యోఆఖిమ్, 72 ఏళ్ళ వయసులో, 1903లో కొన్ని రికార్డులిచ్చాడు. వాటిలో బాఖ్ రాసిన జి మైనర్ సొనాటాలోని అడాజియో, అంటే నెమ్మదిగా సాగే భాగం, వినండి. నాదం నిటారుగా, ఒణుకు లేకుండా ఉంటుంది. అక్కడక్కడా మాత్రమే కంపితం. అందుకే జారు ఏ ముసుగూ లేకుండా బయటపడుతుంది. వేళ్ళు ముసలివైపోయాయి, గరగర సరేసరి. అయినా నాకు క్రైస్లర్ తీపి కన్నా ఈ పొడితనమే ఎక్కువ ఇష్టం.

తర్వాత తర్వాత జారడమంటే అభిరుచి లేకపోవడమే అన్నట్టయింది. పేరున్న వయొలిన్ విద్వాంసులు ఎల్మన్, హైఫెట్స్‌లకి నేర్పిన గురువు లియొపోల్డ్ ఆవర్ కూడా 1921లో అచ్చయిన తన పుస్తకంలో జారునీ, కంపితాన్నీ అతిగా వాడొద్దని మందలించాడు. ఎల్మన్ మాత్రం హాయిగా జారుతూనే ఉన్నాడు!

జారుని వాయించేవాళ్ళ క్రమశిక్షణలేమి అని కొట్టిపారేసేవాళ్ళకి నా జవాబు వయొలిన్ విద్వాంసురాలు మేరీ హాల్. 1916లో ఇంగ్లీషు స్వరకర్త ఎల్గార్ రాసిన వయొలిన్ కన్చెర్టోని, రికార్డుల నాలుగు పక్కల్లో పట్టేలా బాగా కుదించి, ఆవిడ చేత వాయించి రికార్డు చేశారు. మైక్రోఫోన్లు రాని రోజులు, అంతా శబ్దాన్ని పట్టే గొట్టం ముందు వాయించాల్సిందే. కాడెంజాలో, అంటే వయొలిన్ తన ప్రతిభ చూపే ఘట్టంలో, వాద్యబృందం తీగలు మీటే సవ్వడి ఆ గొట్టానికి అందదని హార్ప్ చేర్చారు. అంత శ్రద్ధగా మార్పులు చేయించిన ఎల్గార్, ఎదురుగా నిలబడి వాద్యబృందాన్ని నడిపిస్తూ, ఆవిడ జారులన్నిటినీ అలాగే ఉండనిచ్చాడు.

అన్నట్టు, స్పానిష్ వయొలిన్ విద్వాంసుడు సరసాతే తన సొంత రచన 'జిగాయనర్‌వైజెన్'ని వాయించిన 1904 రికార్డులో ఉన్నట్టుండి ఆయన మాట వినిపిస్తుంది. మా తమ్ముడికి తెగ నచ్చింది అదే. వయొలిన్ సంగతి అడిగితే "వేగం బావుంది" అన్నాడు.