మీకెంత పడింది?

ఓడ ఎక్కిన మొదటి రాత్రి భోజనాల దగ్గరే అడిగేశాను. అడగొద్దని మా ఆయన కారు నగరి దాటకముందే రెండుసార్లు చెప్పారు. "ఎవరెంత కట్టారో తెలుసుకుని ఏం చేస్తావ్? మనం కట్టింది ఎట్లాగూ వెనక్కి రాదు. హాయిగా సముద్రం చూడు" అన్నారు. పదహారేళ్లుగా ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్తున్నదాన్ని, ఇందిరా ప్రియదర్శిని మార్కెట్లో బెండకాయల ధర నాలుగు చోట్ల అడగందే సంచి తెరవనిదాన్ని. సముద్రం ఎక్కడికి పోతుంది, రెండు రోజులూ అక్కడే ఉంటుంది కదా!

తిరుపతి వాళ్లకు ఓడ ప్రయాణమంటే ముందు చెన్నై ప్రయాణం. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో నాలుగు గంటలు పట్టింది. మేం పుత్తూరు దాటుతుంటే మా అత్తగారు ఫోన్ చేసి, "ఓడలో తడి నేల మీద జారి పడేరు, పడితే మళ్లీ ఆ పుత్తూరుకే ఎముకల కట్టు కట్టించుకోను రావాల" అని హెచ్చరించారు. రేవులో సామాన్లకు చీటీలు కట్టి లోపలికి పంపేశారు. దేశం దాటని ప్రయాణం కాబట్టి ఆధార్ చూసి వదిలేశారు, పాస్‌పోర్టు అడగలేదు. శుక్రవారం సాయంత్రం బయల్దేరి, రెండు రాత్రులు బంగాళాఖాతంలో తిరిగి, ఆదివారం పొద్దునకు మళ్లీ చెన్నైకే వస్తుంది. మధ్యలో ఏ ఊరూ లేదు. 2022 జూన్ నుంచి చెన్నైలో ఈ ఓడ ప్రయాణాలు మొదలయ్యాయి. వానాకాలంలో పడమటి తీరాన సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి, ముంబై వైపు తిరిగే ఓడ ఆ నెలల్లో ఇటు వస్తుంది. మేం వెళ్లింది జులై ఆఖరులో, అమ్మాయికి ఒకరోజు బడి మాన్పించి.

మాది లోపలి గది, ఇంటీరియర్ అంటారు. తలుపు తీయగానే మా పదకొండేళ్ల అమ్మాయి పరుగెత్తుకెళ్లి పరదా కోసం వెతికింది. పరదా లేదు, కిటికీ లేదు. "అమ్మా, సముద్రం ఏదీ?" అంది. పైకి వెళ్తే కనిపిస్తుందని చెప్పాను. మూడో మంచం గోడలోంచి కిందికి దిగుతుందని తెలిశాక సముద్రం సంగతి మర్చిపోయి, భోజనాల వేళ దాకా దాన్ని దింపిస్తూ ఎత్తిస్తూ ఆడుకుంది.

భోజనశాలలో తెలుగు వినపడిన చోటల్లా చేరి పక్కపక్కనే రెండు బల్లలు నింపేశాం. మదనపల్లె నుంచి టమోటా మండీ నడిపే ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు. చిత్తూరు నుంచి విద్యుత్తు శాఖలో ఏఈగా రిటైరైన సారు, ఆయన భార్య. పలమనేరు అమ్మాయి ఒక్కతే వచ్చింది, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అవతల మూలన ఒకే రంగు టీషర్టుల్లో ఇరవై మంది పురుగుమందుల డీలర్లు, కంపెనీ తీసుకొచ్చిన బ్యాచ్.

కొండ కింద ఉండేవాళ్లకు ఖర్చులు పోల్చుకునే అలవాటు తక్కువ. తిరుమలలో రేటు టికెట్ మీదే ఉంటుంది. ప్రత్యేక ప్రవేశ దర్శనం 300 అంటే ఎవరికైనా 300, సర్వదర్శనానికి పైసా లేదు. అందుకని కొండ దిగి వచ్చినవాళ్లను మేం అడిగేది "ఎన్ని గంటలు పట్టింది?" అనే. పన్నెండు గంటలన్నవాళ్ల ముందు ఆరు గంటలన్నవాళ్లు కాస్త నిటారుగా నిలబడతారు. ఓడలో గంటలు అందరికీ ఒకటే. తేడా అంతా రూపాయల్లోనే.

"మీకెంత పడింది సార్?" అన్నాను.

"తలకి ఇరవై ఆరు. బాల్కనీ గది" అన్నారు ఏఈ సారు, అప్పడం విరుస్తూ.

మా ముగ్గురికి ఎనభై నాలుగు వేలు. తలకి ఇరవై ఎనిమిది, అదీ కిటికీ లేని గదికి! మా ఆయన వైపు చూశాను. ఆయన పెరుగన్నంలోకి చూస్తున్నారు.

"మాకు నలుగురికీ కలిపి అరవై మూడు పడిందక్కా" అన్నాడు మదనపల్లె ఆయన. వాళ్లదీ మా వరసలోనే, నాలుగు తలుపుల అవతల, అచ్చంగా మా గదిలాంటి గదే.

పలమనేరు అమ్మాయి చెంచా కింద పెట్టి, "నా ఒక్కదానికే నలభై మూడు" అంది. బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చిత్తూరు ఆంటీ మాత్రం ఉండబట్టలేక, "ఒక్కదానివే రెండు మంచాలకు కట్టినావా తల్లీ!" అన్నారు. జరిగింది సరిగ్గా అదే. ఓడ రేటు తలకింత అని చెప్తారు గానీ, గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్క మీద చెప్తారు. ఒక్కరే ఎక్కితే రెండో తల కూడా మనదే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఓడ ఊగడం వల్ల అని మా ఆయనకు చెప్పాను. రోజువారీ కార్యక్రమాలు అచ్చేసి గదిలో పెట్టిన కాగితం ఒకటుంది. దాన్ని తిరగేసి బాత్‌రూం దీపం వెలుతురులో గళ్లు గీశాను. ఎవరు, ఎంతమంది, ఏ గది, ఎప్పుడు బుక్ చేశారు, ఎంత. నాలుగు వరుసలు నిండాయి గానీ గళ్లు చూస్తుంటే ఏదో తేడా కొట్టింది. ఖాతాల రెండు వైపులా సరిచూసే ట్రయల్ బ్యాలెన్సు కుదరలేదంటే ముందు చూడాల్సింది రెండు వైపులా ఒకే రకం లెక్క రాశామా లేదా అని. క్లాసులో నేనే చెప్తాను. ఇక్కడ ఒకరు తలకి చెప్పారు, ఒకరు గదికి చెప్పారు. పన్నులు కలిపి ఎవరు చెప్పారో, కలపకుండా ఎవరు చెప్పారో నేను అడగనేలేదు.

పొద్దున టిఫిన్ దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. ఏఈ సారు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎన్ని మీటర్ల లెక్కలు చూశారో ఏమో, విసుక్కోకుండా ఫోన్లో బిల్లు తీశారు. ఇద్దరికీ గది 52,000. దాని కింద చిన్న అక్షరాల్లో పోర్టు ఛార్జీలు, జీఎస్టీ కలిసి ఇంకో పదివేలు. మొత్తం 62,000. "అవునే, అరవై రెండు కట్టినాం కదా" అన్నారు ఆంటీ. అంటే తలకి ఇరవై ఆరు కాదు, ముప్పై ఒకటి.

మా బిల్లూ తీశాను. ఎనభై నాలుగులో గదీ పన్నులూ 72,000. రానూపోనూ కారు 9,000. ఏజెంటు సర్వీసు ఛార్జీ 3,000. కారు చెన్నై వరకే కదా, అది ఓడ ఖర్చులో ఎందుకు వేసుకోవాలి? అదీ, ఏజెంటు ఛార్జీ తీసేస్తే తలకి ఇరవై నాలుగు. రాత్రి మాకన్నా చౌకగా కనిపించిన బాల్కనీ పొద్దునకు మాకన్నా ఏడు వేలు ఎక్కువయింది. నాకు పొంగల్ రుచి తెలియడం మొదలైంది.

మదనపల్లె వరుస మాత్రం ఎట్లా తిప్పినా కదల్లేదు. అరవై మూడులో పన్నులు కలిసే ఉన్నాయి. సొంత కారులో వచ్చి చెన్నైలో బావమరిది ఇంట్లో పెట్టుకున్నారు. తలకి 15,750. మాలాంటి గదే, మా కాఫీయే, మా ఓడే.

ఆ మధ్యాహ్నం పై డెక్కు మీద నీడ దొరికిన చోట కూర్చున్నప్పుడు ఆయన్నే అడిగాను. "ఏప్రిల్లో సీజను రేట్లు తెరవంగానే వేసినా అక్కా. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, పన్నులు కడితే చాలన్నారు. అప్పుడు గదులన్నీ ఖాళీ, వాళ్లకు నింపుకోవాల" అన్నాడు. మరి తొమ్మిది రోజుల ముందు కొన్న ఏఈ సారుకు బాల్కనీ ఆ రేటుకు ఎట్లా వచ్చింది? దానికీ ఆయన దగ్గర మండీ లెక్కే ఉంది. "ఓడ కదిలినాక ఖాళీ గది దేనికి పనికొస్తుంది? సాయంత్రం మండీలో మిగిలిపోయిన బాక్సు మాదిరే. వచ్చిన రేటుకు ఇచ్చేయాల్సిందే. కానీ మిగుల్తుందని నమ్మకం ఏముంది? 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు సాయంత్రం దాకా మిగిలింది ఏమన్నా ఉన్నిందా?" ఏఈ సారు తలూపారు. ఆయన కొనేటప్పటికి లోపలి గదులు అయిపోయి బాల్కనీలే మిగిలాయట. చౌకగా కావాలనుకున్నా దొరికేది కాదు.

పలమనేరు అమ్మాయి అది వింటూ, రైల్వే వాళ్లు కూడా ఇదే పని చేశారంది. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లకు ఫ్లెక్సీ ఫేర్ పెట్టి, ప్రతి పది శాతం బెర్తులు నిండేకొద్దీ పది శాతం రేటు పెంచుతూ ఒకటిన్నర రెట్ల దాకా తీసుకెళ్లారు. ఓడలో అయితే రేటు ఎక్కుతుంది, దిగుతుంది కూడా, ఎప్పుడేది జరుగుతుందో చెప్పరు. ఇన్ని తెలిసిన పిల్ల రెండు తలలకు ఎందుకు కట్టిందని అడగబోయి ఆగాను. ఆమే చెప్పింది. "తోడు కోసం స్నేహితులను అడుగుతూ కూర్చుంటే మూడేళ్ల నుంచి ఎక్కడికీ పోలేదు మేడమ్." నా కాగితంలో దానికి గడి లేదు.

చౌకగా నింపడానికి ఇంకో కారణం రాత్రికి కనిపించింది. తీరానికి 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు దాటి, మన దేశ జలాల బయటికి వెళ్లాకే కాసినో తలుపులు తెరుస్తారు. తెరిచాక టికెట్ ఎవరెంతకు కొన్నారన్నది వాళ్లకు పెద్ద లెక్కలోకి రాదు. కాసినో, బార్, మసాజులు, ఫోటోలు, ప్రతిదానికీ వేరే బిల్లే. మదనపల్లె ఆయన అక్కడ పదకొండు వేలు వదిలి వచ్చాడు. ఆయన భార్య నా దగ్గరికొచ్చి, "అక్కా, ఆ పదకొండు కూడా రాయి నీ పేపర్లో" అంది. రాశాను.

డీలర్లను కూడా వదల్లేదు. శ్రీకాళహస్తి వైపు ఒకాయన లిఫ్టులో కలిస్తే, మీకు ఉచితమే కదా అన్నాను. "ఏం ఉచితం మేడమ్! ఏడాదంతా టార్గెట్ అని మా చేత అమ్మించి దాంట్లోంచే తీసుకొచ్చినారు. మాదే అన్నిటికన్నా ఖరీదు టికెట్" అని నవ్వాడు.

ఇప్పుడు నా కాగితంలో రాయని వరుస సంగతి. మే నెలలో ఏజెంటు మొదటిసారి చెప్పిన రేటు ఎనభై నాలుగు కాదు, అరవై ఆరు. కారుతో సహా. పిల్లల ఆఫరు ఇంకా ఉంది, రెండు రోజుల్లో చెప్పండన్నాడు. నేనేమో వంకాయలు బేరమాడినట్టు "అరవైకి చూడండి, అప్పుడు మాట్లాడదాం" అని ఫోన్ పెట్టేశాను. రెండడుగులు వేస్తే వెనక నుంచి పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. మూడు వారాల తర్వాత నేనే చేశాను. ఆఫరు అయిపోయింది, లోపలి గదులు కొన్నే ఉన్నాయన్నాడు. మా ఆయనకు ఎనభై నాలుగు అని మాత్రమే చెప్పాను. ఏజెంటును తిట్టుకోవడానికి ఒక్క కారణం దొరక్కపోతుందా అని రెండు రోజులుగా వెతుకుతున్నది అందుకే.

ఆఖరి పొద్దున దొరికింది కూడా. తలుపు కిందనుంచి జారిన బిల్లులో సిబ్బంది గ్రాట్యుటీ, అంటే టిప్పు, 2,400 అని ఉంది. అన్నీ కలిపే అన్నారు కదా అని ఏజెంటుకు ఫోన్ చేస్తే, "అది ఓడ వాళ్లది మేడమ్, టికెట్లో రాదు" అన్నాడు. రెండువేల నాలుగు వందల కోపం పద్దెనిమిది వేలకు ఏం సరిపోతుంది? కట్టేశాను.

అంతకుముందే, ఇంకా తెల్లారకముందే, చిత్తూరు ఆంటీ మా గదికి ఫోన్ చేశారు. "పాపను తీసుకుని రండమ్మా, సూర్యుడు వచ్చే టైమయింది." ముగ్గురం రాత్రి బట్టల మీదే వెళ్లాం. బాల్కనీలో రెండే కుర్చీలు. మా అమ్మాయి కమ్మీకి గడ్డం ఆనించి నిలబడింది. సార్ ఫ్లాస్కులోంచి కాఫీ పోశారు. అవతల ఒక చేపల పడవ చిన్న దీపంతో వెళ్తోంది. కింద నీళ్లు ముందు బూడిద రంగులో ఉండి, తర్వాత తట్టలో పోసిన రాగిపిండిలా కాస్త ఎర్రబారాయి. అరగంట కూర్చున్నాం. మా ఆయన "చూశావా" అన్నట్టు నా వైపు చూశారు. చూశాను.

తిరుపతి చేరేసరికి సాయంత్రం నాలుగయింది. లిఫ్టు దగ్గరే పక్కింటి వదిన పట్టుకుంది. "ఎట్లా ఉందమ్మా ఓడ?" అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే, "ఎంత పడింది మీకు? సెప్టెంబర్లో మేమూ పోదామనుకుంటున్నాం" అంది.

"ఎనభై నాలుగు" అన్నారు మా ఆయన, సూట్‌కేసు లాక్కుంటూ.

"అట్లా చెప్తే తెలియదు వదినా, ఉండు" అని నేను హ్యాండ్‌బ్యాగులోంచి ఆ కాగితం తీశాను. కారులో వస్తూ అడుగున ఐదో వరుస కూడా రాసుకున్నాను, మే నెల, అరవై ఆరు అని. గోడ వైపు తిరిగి ఆ వరుస మాత్రం చింపి గుప్పిట్లో దాచుకుని, మిగతా కాగితం వదిన చేతిలో పెట్టాను.